కారు లోపల హ్యాండిళ్లు, బటన్లు బంకలా అంటుకుంటున్నాయా? డాష్‌బోర్డ్ మార్చే ముందు ఇది చదవండి

ఈరోజు మనం మాట్లాడుకునేది కొంచెం జిడ్డు వ్యవహారం. తిట్టు కాదు, నిజంగానే జిడ్డు. పాత కారు డోర్ లాగితే హ్యాండిల్ చేతికి బంకలా అతుక్కుంటుంది. ఏసీ నాబ్ తిప్పితే వేలికి నల్లగా అంటుకుంటుంది. సబ్బు పెట్టి రుద్దినా ఒక పట్టాన వదలదు. ఇంట్లో పది పదిహేనేళ్ల కారు ఉన్నవాళ్లు చాలామంది ఇది చూసే ఉంటారు.

మాది 2008 మోడల్ కారు. ఉండేది కాకినాడలో. ఒక మూడేళ్ల కిందట డోర్ హ్యాండిళ్లు కాస్త జిగురుగా అనిపించడం మొదలైంది. ఏదో కూల్‌డ్రింక్ ఒలికిందేమో అనుకుని తుడిచాం. పోలేదు. ఆ మరుసటి వేసవికి చెయ్యి పెడితే చాలు నల్లగా అయ్యేది. ఒకసారి పెళ్లికి వెళ్తుంటే అమ్మ పట్టుచీరకి డోర్ దగ్గర మరక అంటుకుంది. డ్రై క్లీనింగ్ వాడు కూడా చేతులెత్తేశాడు. ఆ రోజు నుంచి అమ్మ "నేనా కారు ఎక్కను, ఆటో పిలువు" అనేసింది.

సరే అమ్మేద్దామని నాన్న ఒక బ్రోకర్‌ని పిలిచారు. ఆయన బానెట్ ఎత్తాడు, ఇంజిన్ స్టార్ట్ చేసి విన్నాడు, బాగుందన్నాడు. తర్వాత లోపల కూర్చుని డోర్ వేసుకుని, తన చెయ్యి ఒకసారి చూసుకున్నాడు. "లోపలంతా కరిగిపోయింది సార్. ఒక 40 వేలు తగ్గించుకోండి" అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. పదిహేనేళ్లు టైమ్‌కి సర్వీసింగ్ చేయించి, ఒక్క గీత పడకుండా చూసుకున్న బండి అది. ఆ ముఖం చూసి నేనే అన్నాను, "నాన్నా, నాకు రెండు ఆదివారాలు టైమివ్వండి, తర్వాత మీ ఇష్టం" అని.

ఆ రెండు ఆదివారాల్లో ఏం బాగుచేశానో చెప్తాను. ఏం పాడుచేశానో కూడా చెప్తాను. రెండోది మీకు ఎక్కువ పనికొస్తుంది.

కరిగేది ప్లాస్టిక్ కాదు

ముందు ఇది అర్థం చేసుకోండి. బ్రోకర్ అన్నట్టు లోపలంతా కరిగిపోలేదు. అడుగున గట్టి ప్లాస్టిక్ ఉంటుంది, దానికేమీ కాలేదు. కరిగింది దాని మీద వేసిన పల్చటి పూత.

1990ల నుంచి కార్ల కంపెనీలు గట్టి ప్లాస్టిక్ మీద ఒక మెత్తటి పెయింట్ వేయడం మొదలుపెట్టాయి. ముట్టుకుంటే రబ్బరులా, కొంచెం మఖమల్‌లా ఉంటుంది. మెరవదు, చూడటానికి ఖరీదుగా కనిపిస్తుంది. దీన్నే సాఫ్ట్ టచ్ అంటారు. చౌక ప్లాస్టిక్‌ని ఖరీదైనదిలా చూపించడానికి ఇది తేలికైన దారి. డోర్ హ్యాండిళ్లు, ఏసీ వెంట్ల చుట్టూ ఉండే ఫ్రేములు, పవర్ విండో స్విచ్చుల ప్యానెల్, గేర్ చుట్టూ ఉండే కన్సోల్, నాబులు, ఇవన్నీ ఎక్కువగా ఈ పూతతోనే వచ్చేవి.

ఇది పాత చిన్న కార్ల గోల మాత్రమే అనుకోకండి. 1990ల చివర్లో, 2000ల మొదట్లో వచ్చిన ఫెరారీల్లో కూడా బంక బటన్లు బాగా పేరుమోసిన సమస్య. ఆ బటన్లు విప్పించుకుని, పాత పూత తీసి, కొత్తది వేసి ఇవ్వడమే పనిగా పెట్టుకున్న వర్క్‌షాపులు విదేశాల్లో ఉన్నాయి. కోట్ల కారుకే తప్పలేదు, మనదెంత!

ఎందుకు బంకవుతుంది?

ఆ పూత సాధారణంగా పాలీయురేథేన్ అనే పదార్థం. దీన్ని 1937లో జర్మనీలో ఒట్టో బాయర్ బృందం మొదట తయారుచేసింది. ఇప్పుడు పరుపుల ఫోమ్ నుంచి చెప్పుల అడుగుల దాకా అంతటా అదే.

మన అమ్మమ్మలు కట్టే మల్లెపూల దండ ఊహించుకోండి. దండ పొడుగ్గా ఉన్నంతసేపు ఎత్తితే మొత్తం కలిసి వస్తుంది. దారం పదిచోట్ల తెగితే? ముక్కలు ముక్కలుగా జారిపోతుంది. పాలీయురేథేన్ కూడా అలాంటి పొడవాటి గొలుసులే. చాలా సాఫ్ట్ టచ్ పూతల్లో ఆ గొలుసులోని కొన్ని ముడులు ఎస్టర్ రకం. వీటికి నీళ్లంటే పడదు. గాల్లోని తేమ మెల్లగా లోపలికి దిగి ఆ ముడులు విప్పేస్తుంది. దీన్నే హైడ్రాలిసిస్ అంటారు. పొడవాటి గొలుసులు పొట్టివైపోతే గట్టిగా ఉన్న పూత కాస్తా బెల్లం పాకంలా తయారవుతుంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ముడి విడిపోయిన ప్రతిసారీ కొంచెం ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం పక్క ముడిని ఇంకా తొందరగా విప్పుతుంది. అందుకే పదేళ్లు ఏమీ కాని హ్యాండిల్, ఒకసారి మొదలైందంటే ఒకటి రెండు వేసవుల్లోనే పూర్తిగా బంకైపోతుంది. "మొన్నటిదాకా బాగుందే" అని అందరూ అనేది ఇందుకే.

వేడి దీన్ని ఇంకా తరుముతుంది. ఎండలో అద్దాలు మూసి పెట్టిన కారులో డాష్‌బోర్డ్ 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దానికి కాకినాడ, విశాఖ లాంటి ఊళ్లలో సముద్రపు తేమ తోడవుతుంది. పైగా మన చేతులు ఊరుకోవు: చెమట, తలనూనె, హ్యాండ్ క్రీమ్, సన్‌స్క్రీన్, దోమలు కుట్టకుండా రాసుకునే లోషన్. అందుకే గమనించండి, చెయ్యి తగిలే చోటే ముందు పాడవుతుంది. మా కారులో డ్రైవర్ డోర్ హ్యాండిల్ బంకైపోయిన రెండేళ్లకి గాని వెనక ఎడమ డోర్‌ది మొదలవ్వలేదు.

ఇదే జబ్బు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. డ్రాయర్‌లో ఏళ్లుగా పడున్న పాత మౌస్, రబ్బరు పూత ఉన్న టార్చి, బైనాక్యులర్స్ తీసి చూడండి. అట్టపెట్టెలో భద్రంగా దాచిన స్పోర్ట్స్ షూ తీసి వేసుకుంటే అడుగు పొడిపొడిగా రాలిపోవడం కూడా చాలాసార్లు ఇదే కథ. వాడకపోతే పాడవదు అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

మీది ఏ రకమో ముందు తేల్చుకోండి

అన్ని జిగుర్లూ ఒకటి కాదు. నాలుగు రకాలుంటాయి, మందు వేరు వేరు.

మొదటిది, ఉత్త మురికి. చేతి జిడ్డు, దుమ్ము, సర్వీసింగ్‌లో కొట్టిన డాష్‌బోర్డ్ పాలిష్ కలిసి పేరుకున్నది. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, గుడ్డ తడిపి పిండి తుడవండి. పోయిందా? అయితే మీ పని అయిపోయింది. ఇక్కడితో ఆపేసి టీ తాగండి.

రెండోది, మనం చెప్పుకుంటున్న పూత. ఎవరికీ కనపడని మూల చూసుకుని, ఇయర్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి అర నిమిషం రుద్దండి. దూది నల్లబడి, కింద గట్టిగా నున్నగా ప్లాస్టిక్ బయటపడితే ఇదే. గోటితో గీస్తే పొరలా లేచి వస్తుంది కూడా.

మూడోది, రబ్బరే రబ్బరు. కొన్ని హ్యాండ్‌బ్రేక్ పట్టులు, గేర్ నాబులు పూత కాకుండా మందంగా మెత్తటి రబ్బరుతోనే పోత పోస్తారు. ఎంత రుద్దినా కింద గట్టి ప్లాస్టిక్ రాదు. ఆల్కహాల్‌తో తుడిస్తే పైజిగురు పోతుంది గానీ కొన్ని నెలలకి మళ్లీ వస్తుంది. దీనికి కొత్తది మార్చడమో, లెదర్ కవర్ కుట్టించడమో తప్ప శాశ్వత మందు లేదు.

నాలుగోది, డాష్‌బోర్డ్ పైభాగంలో ఉండే మెత్తటి చర్మం లాంటి తొడుగు. ఇది చాలా కార్లలో పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం వేడికి పైకి తేలుతుంది. డాష్‌బోర్డ్ తడిసినట్టు మెరుస్తుంది, ముందు అద్దంలో దాని నీడ పడి రోడ్డు సరిగ్గా కనపడదు. దీన్ని ఆల్కహాల్‌తో రుద్దితే ఇంకా పాడవుతుంది. సబ్బు నీళ్లతో తుడిచి, మెరవని గుడ్డ మ్యాట్ పరవండి. మరీ ముదిరితే రెగ్జిన్ వేసే షాపుకి ఇవ్వండి.

ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా రెండో రకానికి మాత్రమే.

ఏం కొనాలి, ఏం ముట్టుకోకూడదు

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అర లీటరు చాలు. మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, బోర్డులు తుడవడానికి వాళ్లు వాడేది ఇదే. 70 శాతంది అయినా, 99 శాతంది అయినా పనిచేస్తుంది. 99 తొందరగా ఆరిపోతుంది, 70 కాసేపు తడిగా ఉండి పూతని నానబెడుతుంది. దొరకకపోతే కరోనా రోజుల్లో కొని మిగిలిపోయిన శానిటైజర్ జెల్ కూడా వాడొచ్చు. నిలువుగా ఉండే చోట కారిపోకుండా అంటిపెట్టుకునుంటుంది కూడా. కాకపోతే అందులో చేతుల కోసం గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, అవి మిగిలిపోతాయి. చివర్లో సబ్బు నీళ్లతో తప్పకుండా తుడవాలి.

ఇంకా కావలసినవి: నైట్రైల్ గ్లౌజులు, నాలుగైదు పాత బనీన్లు, ఒక ప్యాకెట్ ఇయర్ బడ్స్, పాత టూత్ బ్రష్, మాస్కింగ్ టేప్, గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు ఒకటి. బనీన్లు ఎక్కువ పెట్టుకోండి. ఒక్కో హ్యాండిల్ ఒక్కో బనీను మింగేస్తుంది.

ఇప్పుడు ముట్టుకోకూడనివి. థిన్నర్, అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోల్. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. మా వీధి చివర పెయింటర్ అన్న "థిన్నర్ కొట్టు బాబూ, రెండు నిమిషాల్లో పోద్ది" అన్నాడు. అదృష్టం కొద్దీ గ్లోవ్ బాక్స్ అడుగుభాగంలో ట్రై చేశాను. రెండు నిమిషాల్లో పూత పోయింది, దాంతోపాటు ప్లాస్టిక్ కూడా తెల్లబడి మెత్తబడిపోయింది. వేలిముద్ర అచ్చుపడింది. అది ఇప్పటికీ ఉంది. కార్లలో ఎక్కువగా వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌ని అసిటోన్ కరిగించేస్తుంది, చాలా థిన్నర్లలో అది ఉంటుంది. ఇక పెట్రోల్ సంగతి చెప్పక్కర్లేదు. మూసున్న కారులో దాని ఆవిరి నిండితే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా మండేదే, మర్చిపోకండి. 12 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి అంటుకోగలదు. అంటే మన వాతావరణంలో ఏ రోజైనా. నాలుగు డోర్లూ బార్లా తీసి, నీడలో, ఇంజిన్ ఆపి చేయండి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, అగరొత్తి ఏదీ ఉండకూడదు.

పౌడర్ చిట్కా గురించి కూడా అడుగుతుంటారు. టాల్కం పౌడర్ అద్దితే జిగురు తగ్గుతుంది, నిజమే. కానీ ఓ వారానికి చెమటతో కలిసి బూడిదరంగు ముద్దవుతుంది. రేపే ఊరు వెళ్లాలి, టైమ్ లేదు అంటే పౌడర్ అద్దండి. రిపేర్ అని మాత్రం అనుకోకండి.

పని మొదలుపెడదాం

ఒకటి. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. పవర్ విండో స్విచ్చుల దగ్గర తడి గుడ్డతో పనిచేస్తున్నాం కదా. కొన్ని కార్లలో స్టీరియోకి కోడ్ ఉంటుంది, అది ముందే చూసి రాసిపెట్టుకోండి.

రెండు. విప్పగలిగిన భాగాలు విప్పండి. డోర్ హ్యాండిల్ ప్యానెల్ చాలా కార్లలో ఒకటి రెండు స్క్రూలు, కొన్ని క్లిప్పుల మీద ఉంటుంది. స్క్రూ మీద చిన్న మూత ఉంటుంది, దాన్ని కార్డుతో లేపాలి. ఇనుప స్క్రూ డ్రైవర్‌తో పొడిస్తే క్లిప్పులు విరుగుతాయి. విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి, స్క్రూలు చిన్న కవర్లలో వేసి ఏ డోర్‌వో పేరు రాయండి. విప్పడం రాకపోతే బలవంతం వద్దు. చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి, ఉన్నచోటే చేసుకోవచ్చు.

మూడు. గుడ్డ తడిపి పరవండి. బనీను ముక్కని ఆల్కహాల్‌తో తడిపి, హ్యాండిల్ మీద నాలుగైదు నిమిషాలు చుట్టి ఉంచండి. స్విచ్చుల సందుల్లోకి స్ప్రే చేయొద్దు. గుడ్డకే పట్టించి తుడవాలి.

నాలుగు. తుడవండి. మొదటిసారి తుడిచినప్పుడు భయమేస్తుంది, ఎందుకంటే తారులా అంతటా పూసుకుపోతుంది. ఇంకా పాడుచేశాననిపిస్తుంది. కంగారుపడకండి. గుడ్డలో శుభ్రమైన వైపు తిప్పుతూ, ఒకే దిక్కుగా లాగండి. అదే ముక్కతో ముందుకీ వెనక్కీ రుద్దితే తీసింది మళ్లీ అంటుతుంది. రెండోసారి, మూడోసారికి పూత చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని వస్తుంది. మూలల్లో టూత్ బ్రష్, అంచుల్లో ప్లాస్టిక్ కార్డు. బ్లేడు వాడొద్దు, గీతలు పడతాయి.

ఐదు. మొత్తం పోయాక సబ్బు నీళ్లతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. వేలు రాస్తే ఎక్కడా ఆగకుండా జారాలి. కొంచెం పట్టేసినట్టు అనిపించినా అక్కడ ఇంకా పూత ఉన్నట్టే.

నాకు ఒక్కో హ్యాండిల్‌కి సుమారు ముప్పావు గంట పట్టింది. నాలుగు డోర్లు, స్విచ్చుల ప్యానెల్, గేర్ కన్సోల్ కలిపి ఒక ఆదివారం మొత్తం పోయింది.

ఒక జాగ్రత్త. మీటర్ల ముందుండే పారదర్శకమైన ప్లాస్టిక్‌కి, స్టీరియో స్క్రీన్‌కి ఆల్కహాల్ తగలనివ్వకండి. మీటర్ అద్దం ఎక్కువగా యాక్రిలిక్, ఆల్కహాల్‌కి దాంట్లో సన్నటి పగుళ్లు రావచ్చు. స్క్రీన్ మీద ఉండే మెరుపు తగ్గించే పొర మరకలవుతుంది. వాటి మీద ముందే టేప్ వేసి కాగితం కప్పేయండి.

బటన్లు: నేను పాడుచేసిన చోటు

హ్యాండిళ్లు అద్భుతంగా వచ్చేసరికి నాకు ఊపొచ్చింది. అదే గుడ్డతో సెంటర్‌లో ఉండే బటన్లు కూడా తుడిచేశాను. వెనక అద్దం డీఫాగర్ బటన్ మీద గుర్తు కళ్లముందే మాయమైపోయింది. రాత్రి లైట్ వేస్తే ఆ బటన్ మొత్తం బల్బులా వెలుగుతోంది.

ఎందుకో తర్వాత అర్థమైంది. రాత్రిపూట గుర్తు వెలిగే బటన్లు ఎలా చేస్తారంటే, వెలుతురు దాటిపోయే తెల్లటి ప్లాస్టిక్ మీద నల్ల పూత వేస్తారు. ఆ పూతని లేజర్‌తో గుర్తు ఆకారంలో కాల్చి తీసేస్తారు. ఆ ఖాళీలోంచి వచ్చే వెలుగే మనకి గుర్తుగా కనిపిస్తుంది. అంటే గుర్తు అనేది పూతలో ఉన్న కన్నం. పూత పోతే కన్నం ఎక్కడ ఉంటుంది?

కాబట్టి వెలిగే బటన్ల మీద ఆల్కహాల్ వద్దు. సబ్బు నీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో, నొక్కకుండా తుడవండి. కొంచెం జిగురు మిగిలితే మిగలనివ్వండి. మరీ భరించలేకపోతే సెకండ్ హ్యాండ్ స్పేర్ పార్టుల్లో వెతకండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత కార్ల భాగాలు విడిగా దొరుకుతాయి. కొనేముందు చేత్తో పట్టుకుని చూడండి, అదీ బంకగా ఉంటే దానికి డబ్బులెందుకు. హజార్డ్ లైట్ల బటన్ విషయంలో మాత్రం అస్సలు ప్రయోగాలు చేయకండి. కంగారులో ఉన్నప్పుడు ఎవరైనా వెతికేది దాన్నే, మీ కారు కొత్తగా నడిపేవాళ్లకి అది కనపడాలి.

పూత పోయాక ఏం చేయాలి?

నన్నడిగితే ముందు ఏమీ చేయకండి. ఒక నెల అలాగే వాడి చూడండి. కింద ప్లాస్టిక్ మామూలుగా నల్లగానో, బూడిదరంగులోనో ఉంటుంది. మెత్తదనం పోతుంది, కొంచెం మెరుస్తుంది, అంతే. మా కారులో నలుపే వచ్చింది, అలాగే వదిలేశాం. కొత్తగా చూసేవాళ్లకి అక్కడ ఒకప్పుడు పూత ఉండేదని కూడా తెలియదు.

రంగు మరీ తేడాగా వస్తే రెండు దారులు. మొదటిది పెయింట్. విప్పిన భాగం వెనక చూడండి, ఏ ప్లాస్టిక్కో అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే పెయింట్ బాగానే పడుతుంది. పీపీ అని ఉంటే ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా వేసిన పెయింట్ పెచ్చులుగా ఊడిపోతుంది. 800 నంబర్ వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది, కడిగి ఆరబెట్టి, ప్రైమర్, దాని మీద మ్యాట్ బ్లాక్ పల్చగా మూడు సార్లు. ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది. చెయ్యి ఎక్కువ తగిలే హ్యాండిళ్లకి మామూలు స్ప్రే డబ్బా పెయింట్ గోటికి ఆగదు. హార్డెనర్ కలిపే టూ-కే మ్యాట్ క్లియర్ కావాలి. అది మాత్రం ఇంట్లో వద్దు. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, పీలిస్తే ఆస్తమా రావచ్చు. సరైన మాస్కు, గాలి ఏర్పాటు ఉన్న పెయింటింగ్ షెడ్‌కి ఇచ్చేయండి.

రెండో దారి మ్యాట్ వినైల్ స్టిక్కర్. చదునుగా ఉన్న కన్సోల్ ప్యానెళ్లకి ఇది బాగుంటుంది, నచ్చకపోతే తీసేయొచ్చు. వంపులెక్కువున్న హ్యాండిల్‌కి మాత్రం అంచులు లేస్తాయి.

మళ్లీ సాఫ్ట్ టచ్ ఫీల్ ఇచ్చే స్ప్రేలు కూడా అమ్ముతారు. ఇంత కష్టపడి వదిలించుకున్నదాన్ని మళ్లీ ఎందుకు తెచ్చుకోవడం!

స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్: ఇక్కడ ఆగండి

ఎయిర్‌బ్యాగ్ అని రాసున్న ఏ మూత మీదా ఆల్కహాల్ నానబెట్టొద్దు, పెయింట్ వేయొద్దు, స్టిక్కర్ అంటించొద్దు. ఆ మూత ఒక నిర్ణీత గీత వెంట చీలిపోయేలా తయారుచేసి ఉంటుంది. దాని మీద మనం వేసే అదనపు పొర ఆ పనికి అడ్డొస్తుంది. అక్కడ ఉత్త తడి గుడ్డ, అంతే. విప్పేటప్పుడు పసుపురంగు కనెక్టర్ కనపడితే అది ఎయిర్‌బ్యాగ్ లైన్ అని గుర్తుపెట్టుకుని చెయ్యి వెనక్కి తీసేసుకోండి. తెలిసిన మెకానిక్ పని అది.

స్టీరింగ్ చక్రం జిగురుగా ఉంటే శుభ్రం చేయొచ్చు గానీ, తర్వాత దాని మీద పాలిష్‌లు రాయకండి. మలుపులో చెయ్యి జారితే ఈ ఎపిసోడ్ చూసి ఏం లాభం.

మళ్లీ రాకుండా

పూర్తిగా తీసేసిన చోట మళ్లీ రాదు, అక్కడ పాడవడానికి పూతే లేదు కదా. ఇంకా పాడవని భాగాల్ని కాపాడుకోవాలంటే నీడలో పార్క్ చేయండి. లేదంటే ముందు అద్దానికి వెండిరంగు సన్ షేడ్ పెట్టండి. లోషన్ రాసుకున్న చేతులు తుడుచుకుని ఎక్కండి. సర్వీసింగ్‌లో "డాష్‌బోర్డ్ పాలిష్ కొట్టమంటారా" అంటే వద్దనండి. నెలకోసారి తడి గుడ్డతో తుడిస్తే చాలు. పాలీయురేథేన్‌లో తేమని బాగా తట్టుకునే రకాలూ ఉన్నాయి, కాబట్టి ప్రతి కారుకీ ఈ గతి పట్టాలని లేదు. మీది బాగుంటే ఊరికే గీకి చూడకండి.

ఇదే పద్ధతి పాత మౌస్‌కి, టార్చికి కూడా పనిచేస్తుంది. సెల్స్ తీసేసి చేయండి. పవర్ బ్యాంక్ లాంటివైతే గుడ్డ పొడిపొడిగా తడిపి తుడవండి, పోర్టుల్లోకి చుక్క కూడా దిగకూడదు.

చివరికి ఏమైంది?

మొత్తం ఖర్చు నాకు 600 రూపాయల లోపే అయింది. ఒక డీఫాగర్ గుర్తు, గ్లోవ్ బాక్స్ అడుగున నా వేలిముద్ర నష్టాల ఖాతాలోకి పోయాయి. రెండో ఆదివారం సాయంత్రం నాన్న వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. డోర్ వేసి, చెయ్యి తిప్పి చూసుకున్నారు. తెల్లగానే ఉంది. "బ్రోకర్‌కి ఫోన్ చెయ్యనా నాన్నా?" అని అడిగాను. "ఎందుకురా, నడుస్తోందిగా" అన్నారు.

అమ్మ మాత్రం అంత తేలిగ్గా నమ్మలేదు. తెల్ల చేతిరుమాలు తెచ్చి నాలుగు హ్యాండిళ్లూ తనే తుడిచి చూసుకుంది. రుమాలు తెల్లగానే ఉన్నాక గాని ఎక్కలేదు. మీరు కూడా పని అయ్యాక అదే పరీక్ష పెట్టండి, తెల్ల రుమాలుతో. అందులో పాసైతేనే పని పూర్తయినట్టు.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.